నైజీరియాలో న్నేవి అనే ఇగ్బో ఊరికి వెళ్తున్నా, పెళ్లి కూడా ఉంది. అక్కడి మనుషులు, పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పండి

పాడి_గేర్‌బాక్స్:
అందరికీ నమస్తే. మాది సూళ్లూరుపేట, ఉద్యోగం చెన్నైలో. అంబత్తూర్ ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీకి ఎక్స్‌పోర్ట్ సేల్స్ చూస్తాను. ఆటోల క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, కేబుళ్లు నైజీరియాకి పంపుతుంటాం, అక్కడ మన బజాజ్, టీవీఎస్ ఆటోలు వీధివీధినా తిరుగుతాయి, వాళ్లు కేకే అంటారు. మా పెద్ద డీలర్ న్నేవిలో ఉంటాడు, ఇగ్బో ఆయన. ఇన్నేళ్లుగా ఫోన్లోనే పరిచయం. డిసెంబర్ చివర్లో కూతురి పెళ్లి ఉంది, అప్పుడు రా, మార్కెట్ కూడా చూపిస్తా అని పట్టుబట్టాడు, మా ఎండీ కూడా వెళ్లిరమ్మన్నాడు.

నెట్‌లో వెతికితే అయితే లాగోస్ గురించి, లేదంటే కిడ్నాపుల గురించి. నాకు కావల్సింది అది కాదు. ఆ ఊళ్లో మనుషులు పొద్దున లేచింది మొదలు ఎలా బతుకుతారు, ఎవరింటికైనా వెళ్తే ఏం తీసుకెళ్లాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, ఇలాంటివి. ఇంకో సంగతి, నేను గుడ్డు తింటాను గానీ చేప, మాంసం ముట్టను. మా ఆవిడ టెన్షన్ అంతా అదే.

విల్లివాక్కం_పెద్దాయన:
బాబూ, నేను ఒనిచాలో జనరేటర్లు అమ్మే కంపెనీలో చాలాకాలం చేసి వచ్చినవాణ్ని. న్నేవికి అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, తరచూ పోయేవాణ్ని. పల్లెటూరు అనుకుని వెళ్లకు. చెన్నైలో బండ్ల పార్టులు అమ్మే మన జీపీ రోడ్డు, పుదుపేట కలిపి ఒక ఊరి నడిమధ్యన దించి, చుట్టూ పెద్ద పెద్ద మేడలు కడితే అది న్నేవి. నైజీరియాలో బైకు పార్టు గానీ కారు పార్టు గానీ ఎక్కడ కొన్నా అది న్నేవి వాడి చేతి మీదుగానే వచ్చి ఉంటుంది. ఇన్నోసన్ వాళ్లు బస్సులు, కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా ఆ ఊళ్లోనే. బయాఫ్రా యుద్ధం (ఇగ్బోవాళ్ల ప్రాంతం నైజీరియా నుంచి విడిపోతానంటే జరిగిన యుద్ధం) నడిపిన ఒజుక్వు సొంతూరు అదే. వాళ్ల నాన్న లారీల వ్యాపారంలో ఆ దేశంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు.

ముందు మార్కెట్ లెక్క తెలుసుకో. ఇగ్బోవాళ్లకి సంప్రదాయ వారం అంటే నాలుగు రోజులే: ఎకే, ఓరియె, ఆఫో, న్క్వో. ప్రతి ఊరి పెద్ద సంతకీ ఇందులో ఒక రోజు సొంతం. న్నేవిది న్క్వో. ఆఫీసులు, బళ్లు, చర్చి అన్నీ మనలాగే ఏడు రోజుల లెక్కన నడుస్తాయి (అందరూ దాదాపు క్రైస్తవులే, క్యాథలిక్కులు, ఆంగ్లికన్లు ఎక్కువ), కానీ పల్లెలో సంతకీ, పాత పండగలకీ, పెద్దల పంచాయితీకీ ఈ నాలుగు రోజులే చూసుకుంటారు. నీకు ఒకెకే, ఒకాఫోర్, ఒకోరియె, ఒకొంక్వో అని పేర్లున్నవాళ్లు బోలెడుమంది తగులుతారు, అవన్నీ పుట్టిన రోజును బట్టి వచ్చినవే.

ఇక ఇంటికి వెళ్లినప్పటి సంగతి. కూర్చోగానే కోలా గింజ తెస్తారు. అది రానిదే అసలు మాట మొదలుకాదు, నీ క్యాటలాగ్ బ్యాగులోనే ఉంచుకో. చెక్క పళ్లెంలో నాలుగైదు గింజలు, పక్కన వేరుశనగ, మిరియాలు దంచిన ముద్ద, ఒక్కోసారి చిన్న పచ్చి వంకాయలు. ఆ పళ్లెం ఇంటాయన దగ్గర బయల్దేరి, అక్కడున్న ఆయన బంధువుల చేతుల్లోంచి వరసగా ఒక్కొక్కరికీ చూపిస్తూ వచ్చి, నీ దాకా వచ్చి, మళ్లీ తిరిగి ఆయన దగ్గరికే పోతుంది. ఎవరూ తినరు. పళ్లెం ఎవరి తర్వాత ఎవరికి పోవాలన్నదానికి లెక్క ఉంది, తప్పితే అక్కడే వాదన మొదలవుతుంది, నా కళ్ల ముందే ఇద్దరు ముసలాళ్లు అరగంట కొట్టుకున్నారు, ఒకరి తాత ఇంకొకరి తాతకి అన్న అవుతాడా తమ్ముడవుతాడా అని. తర్వాత పెద్దాయన గింజ పట్టుకుని ప్రార్థన చేస్తాడు. ఇంగ్లీషు దంచేసే లాయరైనా సరే అప్పుడు ఇగ్బోలోనే మాట్లాడాలి, కోలాకి ఇంగ్లీషు రాదంటారు. వాక్యం వాక్యానికీ అందరూ ‘ఇసే’ (తథాస్తు లాంటిది) అంటారు, నువ్వూ అను. అప్పుడు విరుస్తారు. వాళ్ల సొంత రకం గింజలో పప్పులు రెండు కన్నా ఎక్కువ ఉంటాయి, నాలుగు వస్తే నాలుగు మార్కెట్ రోజులూ కలిసొచ్చాయని సంబరం. చేదుగా, వగరుగా ఉంటుంది, మొహం చిట్లించకుండా నములు. వెళ్లేటప్పుడు విరవని గింజ ఒకటి నీ చేతిలో పెడతారు, ఇంటికి తీసుకెళ్లి ఎవరిచ్చారో చెప్పమని. జేబులో వేసుకో, అక్కడే వదిలేసి రాకు.

ఇచ్చేది, పుచ్చుకునేది కుడిచేత్తోనే. పెద్దవాళ్లకి నువ్వే ముందు పలకరించు. ఇవి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

పాడి_గేర్‌బాక్స్:
సార్, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. మా డీలర్ షాపులో వీడియో కాల్ చేస్తే వెనకాల ఎప్పుడూ ఐదారుగురు కుర్రాళ్లు కనిపిస్తారు, జీతం ఎంతిస్తారు అంటే నవ్వేశాడు. వాళ్లెవరు?

విల్లివాక్కం_పెద్దాయన:
జీతం ఉండదు, అందుకే నవ్వాడు. వాళ్లు పని నేర్చుకునే పిల్లలు. పల్లె నుంచి, చాలావరకు తెలిసినవాళ్ల ఇళ్ల నుంచి వస్తారు, యజమాని ఇంట్లోనే ఉంటారు, తిండి, బట్ట ఆయనదే, షాపు ఊడవడం దగ్గర్నుంచి అప్పు వసూలు దాకా అన్నీ చేస్తారు. ఐదారేళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. గడువు తీరాక యజమాని పెట్టుబడి ఇచ్చి, షాపు అద్దె కట్టి, సరుకు నింపి ‘సెటిల్’ చేయాలి. సెటిల్ అయినవాడు మళ్లీ తన దగ్గర పిల్లల్ని పెట్టుకుంటాడు. మీ డీలర్ కూడా చాలావరకు ఇలాగే పైకొచ్చి ఉంటాడు, అడిగి చూడు, గంట సేపు చెబుతాడు.

ఇది పాత పద్ధతే గానీ 1970లో బయాఫ్రా యుద్ధం అయిపోయాక ఇదే దిక్కయింది. బ్యాంకులో ఎంత దాచుకున్నా సరే ఇగ్బోవాళ్లకి చేతిలో 20 పౌన్లు పెట్టి పంపించారు. పోర్ట్ హార్కోర్ట్‌లో వాళ్లు కట్టుకున్న ఇళ్లు కూడా చాలా పోయాయి. చేతిలో ఇరవై పౌన్లు ఉన్నవాడు ఇంకొకణ్ని నిలబెట్టాలంటే జీతం ఎక్కణ్నుంచి ఇస్తాడు? వాడి చాకిరీ, వీడి సరుకు, అంతే. ఈమధ్య మేనేజ్‌మెంట్ కోర్సుల వాళ్లు దీన్ని తెగ పొగుడుతున్నారు. పొగడొచ్చు, కానీ మా వీధిలో ఒక షాపువాడు కుర్రాడి గడువు ఇంకా నాలుగు నెలలు ఉందనగా దొంగతనం అంటగట్టి వెళ్లగొట్టాడు, పెట్టుబడి ఎగ్గొట్టడానికి. అది అక్కడ అందరికీ తెలిసిన రోగమే. ఆ కుర్రాడి వైపు ఊరి పెద్దలు కూర్చున్నారు గానీ సగం కూడా రాలేదు.

అన్నానగర్_బాలు:
బ్రో, 419 (నైజీరియా అడ్వాన్స్ మోసాలకి పేరు) గుర్తుపెట్టుకో. పెళ్లి, మార్కెట్ అంటూ పిలిచి అడ్వాన్స్ అడుగుతారు. నైజీరియా నుంచి ఫోన్ అంటేనే నేను కట్ చేస్తా.

పాడి_గేర్‌బాక్స్:
బ్రో, అడ్వాన్స్ తీసుకునేది మేము, ఇచ్చేది ఆయన. ఇంతవరకు ఒక్క షిప్‌మెంట్‌కీ డబ్బు ఆపలేదు. ఇక్కడ మాకు బాకీ ఉన్న పార్టీల లిస్టు చూపిస్తే నువ్వే ఏడుస్తావు.

గ్రీమ్స్‌రోడ్_అక్క:
తిండి సంగతి నేను చెబుతా. మేము ఆసుపత్రులకొచ్చేవాళ్లకి వంటగదితో సహా గదులు అద్దెకిస్తాం, నైజీరియా వాళ్లు చాలామంది దిగుతారు, వాళ్లలో ఇగ్బోవాళ్లూ ఎక్కువే. సూట్‌కేసు తెరిస్తే సగం వంట సామానే ఉంటుంది: ఎర్రటి పామాయిల్, గరి (కర్రపెండలం కోరి పులియబెట్టి వేయించిన రవ్వ), ఎగుసి గింజల పొడి, ఎండబెట్టిన చేదాకు. ఇంకోటి కట్టెలాగా గట్టిగా ఉండే ఎండుచేప, ఒక్పొరొకో అంటారు, అది నార్వే నుంచి వస్తుందట. యుద్ధంలో పిల్లలు ఆకలితో చచ్చిపోతుంటే విమానాల్లో తెచ్చి వేసిన సరుకులో ఇదీ ఉంది, అప్పట్నుంచి ఇంకా బాగా అలవాటైపోయిందని ఒక పెద్దావిడ చెప్పింది. ఆ వాసనకి పై అంతస్తు వాళ్లు నాతో గొడవ పెట్టుకున్నారు, అది వేరే కథ.

చేదాకు పులుసు ఆవిడ చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఆకుని నీళ్లలో వేసి బట్ట ఉతికినట్టు చేతుల మధ్య రుద్దుతుంది, పచ్చటి నురగ వస్తుంది, పారబోస్తుంది, మళ్లీ నీళ్లు. నురగ ఆగేదాకా అలా చేస్తూనే ఉంది. చేమదుంప ఉడకబెట్టి దంచి ముద్ద చేసి పులుసులో వేస్తే చిక్కబడుతుంది. తినేటప్పుడు గరి ముద్దని వేళ్లతో చిన్న ఉండ చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, పులుసు అందులో పట్టి, నమలకుండా మింగేయాలి. నేను నమిలానని నవ్వారు.

నువ్వు జాగ్రత్తపడాల్సింది ముక్కల గురించి కాదు. చేప వద్దంటే ముక్క తీసి పక్కన పెట్టి అదే పులుసు పోస్తారు. ఎండు రొయ్యపొడి, వాళ్లు క్రేఫిష్ అంటారు, దాదాపు ప్రతి దాంట్లోనూ ఉంటుంది, మనకి ఉప్పులాగా, దాన్ని వాళ్లు మాంసం కింద లెక్కే వెయ్యరు. కాబట్టి ‘క్రేఫిష్ కూడా వద్దు’ అని ఆ మాట పెట్టి చెప్పు. ధైర్యంగా తినగలిగేవి: ఉడికించినదో కాల్చినదో పెండలం (కర్రపెండలం కాదు, యామ్ దుంప), పామాయిల్, కారం నంజుకుని. పెండలం వాళ్లకి చాలా గొప్ప పంట, కొత్త పెండలం పండగ కాకముందు దాన్ని ముట్టనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, న్నేవిలో ఆ పండగని ఆఫియా ఒలు అంటారు, ఆగస్టు ప్రాంతంలో చేస్తారు. వేయించిన అరటి ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. పొద్దున్నే రోడ్డు పక్కన అకరా వేస్తుంటారు, అలసందలు రుబ్బి నూనెలో వేస్తారు, నీకు హాయిగా ఉంటుంది. ఓక్పా అని ఒకరకం పప్పు పిండిని పామాయిల్‌తో కలిపి అరిటాకులో ఆవిరికి ఉడికిస్తారు, ఎనుగు నగరం వైపు దాని పేరే పేరు. డిసెంబర్ అంటే ఉదరా పళ్ల కాలం మొదలవుతుంది, నారింజ రంగులో, పుల్లగా తియ్యగా. చెట్టు మీద నుంచి కోయకు, రాలినవే ఏరుకోవాలన్నది అక్కడి పద్ధతి. ఒక పులిహోర పొడి డబ్బా బ్యాగులో పడేసుకో, మీ ఆవిడకి నా మాటగా చెప్పు.

తాంబరం_పద్మ:
పెద్దాయన కోలా గురించి అంత చెప్పి ఆడవాళ్ల మాట ఎత్తలేదు. కోలా గింజ ఆడవాళ్లు విరవకూడదు. పళ్లెం వాళ్లకి చూపించరు కూడా చాలాచోట్ల. తినడానికి ముక్క మాత్రం ఇస్తారు. కూతుళ్లకి తండ్రి ఆస్తిలో వాటా లేదనే ఆచారం చెల్లదని నైజీరియా సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చాక కూడా ఊళ్లలో పెద్దలు ఊరుకోవడం లేదు. ఒసు అని ఒక వర్గం ఉంది, ఒకప్పుడు దేవతకి అంకితమైనవాళ్ల సంతానం అని చెప్పి పక్కన పెట్టారు. 1956లోనే చట్టం చేసి ఆ పద్ధతి రద్దు చేశారు, అయినా పెళ్లి సంబంధం అనగానే అవతలి కుటుంబం ఒసునా కాదా అని ఆరా తీయడం ఆగలేదు. మనకి ఈ విషయంలో వేలెత్తి చూపే అర్హత లేదనుకోండి.

అలాగని అక్కడి ఆడవాళ్లు నోరు లేనివాళ్లు అనుకోవద్దు. 1929లో ఒలోకో అనే ఊళ్లో ఆడవాళ్లని, మేకల్ని, గొర్రెల్ని లెక్కపెట్టడానికి వస్తే, మగవాళ్లకి వేసినట్టే తమకీ పన్ను వేస్తారని వేలమంది లేచారు. బ్రిటిష్‌వాళ్లు పెట్టిన అధికారుల ఇళ్ల చుట్టూ రాత్రంతా కూర్చుని, వాళ్లని తిడుతూ పాటలు పాడి, ఆడి, బయటికి రాకుండా చేసేవాళ్లు. పోలీసులు, సైనికులు కాల్పులు జరిపి యాభై మంది దాకా చంపేశారు. చాలామంది ‘అబా అల్లర్లు’ అని రాస్తారు, వాళ్లు మాత్రం ఆడవాళ్ల యుద్ధం అంటారు.

విల్లివాక్కం_పెద్దాయన:
పద్మగారూ, మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతాను. ఒక వంశం మగవాళ్లందరినీ కలిపి ఉమున్నా అంటారు, అందులో అమ్మాయిని అందులోనే చేసుకోరు. ఆ వంశంలో పుట్టి బయటికి పెళ్లయి వెళ్లిన ఆడపడుచులు ఉముఆడా. వీళ్లకి ఉమున్నా మగవాళ్లు కూడా భయపడతారు. చావు ఇంటికి ఉముఆడా దిగారంటే వాళ్లకి తిండి, మర్యాద సరిగ్గా జరగకపోతే శవాన్ని కదలనివ్వరు. మా స్టోర్‌కీపర్ వాళ్ల నాన్న పోయినప్పుడు పాపం తండ్రి పోయిన బాధ కన్నా అత్తయ్యల లిస్టు చూసి ఎక్కువ ఏడ్చాడు. అయితే మొగుడు పోయిన కోడలిని ఏడిపించేది కూడా చాలాసార్లు ఈ ఆడపడుచులే, అది కూడా చెప్పాలి.

పాడీ, డిసెంబర్ గురించి: లాగోస్, అబుజా, కానో, ఎక్కడున్నా సరే క్రిస్మస్‌కి ప్రతివాడూ ఊరికి రావాలి. ఏడాదంతా తాళం వేసి ఉన్న మూడంతస్తుల మేడలు ఆ రెండు వారాలే తెరుస్తారు. ఇంత ఖర్చుపెట్టి ఎవరూ ఉండని ఇల్లు ఎందుకురా అని ఒకణ్ని అడిగితే, లాగోస్‌లో నా ఇల్లు రేపు ఉంటుందో లేదో, నా శవం మాత్రం ఇక్కడికే వస్తుంది అన్నాడు. ఇంటి ఆవరణలోనే పెద్దల సమాధులు ఉంటాయి, టైల్స్ వేసి, వాకిట్లోనే. పిల్లలు వాటి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటారు. ప్రతి ఊరికీ ఒక సంఘం ఉంటుంది, ఏ నగరంలో ఉన్నా చందా కట్టాల్సిందే, రోడ్డు, బడి, ట్రాన్స్‌ఫార్మర్ చాలావరకు ఆ డబ్బుతోనే. ఆడవాళ్లు ఆగస్టులో విడిగా ఊరికొచ్చి వాళ్ల మీటింగ్ పెట్టుకుంటారు, అందులో లెక్కలు అడిగే తీరు చూస్తే మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లని ట్రైనింగ్‌కి పంపాలనిపిస్తుంది.

ముసుగు వేషాలు కూడా వస్తాయి ఆ రోజుల్లో, మ్మాన్వు అంటారు. లోపల ఉన్నది మనిషి అని నువ్వు అనకూడదు, చచ్చిపోయిన పెద్దలే వచ్చారని లెక్క. దారిలో ఎదురైతే పక్కకి తప్పుకో, అడగకుండా ఫోటో తీయకు, కొన్నిటి చేతిలో బెత్తం ఉంటుంది.

పాడి_గేర్‌బాక్స్:
అమ్మో. సరే సార్. పెళ్లికి ఏం తీసుకెళ్లాలి? చదివింపులు ఎలా?

గ్రీమ్స్‌రోడ్_అక్క:
నీ చేతిలోనే ఉంది తమ్ముడూ, చెన్నైలో ఉంటూ అడుగుతున్నావేంటి! జార్జ్ బట్ట తీసుకెళ్లు. ఇగ్బో పెళ్లిళ్లలో ఆడవాళ్లు నడుముకి రెండు వరసలుగా చుట్టుకునే బరువైన ఎంబ్రాయిడరీ బట్ట అది, దాని పేరు మన సెయింట్ జార్జ్ కోట నుంచే వచ్చిందంటారు. ఇక్కడి నుంచి ఎగుమతి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మా దగ్గర దిగినవాళ్లు ఆపరేషన్ అయి కుట్లు విప్పకముందే దాని కోసం ఆటో మాట్లాడమంటారు. పెళ్లికూతురి తల్లికి ఒక జత ఇచ్చావంటే మీ కంపెనీ ఆర్డర్లకి ఢోకా లేదు. రంగు ముందే కనుక్కో, వాళ్లు పెళ్లికి ఒక రంగు అనుకుంటారు.

విల్లివాక్కం_పెద్దాయన:
అక్క చెప్పిందే చెయ్యి. పెళ్లిలో ఖర్చు మగపెళ్లివారిది. అమ్మాయి తరఫు ఉమున్నాకి ఒక లిస్టు, ఉముఆడాకి ఒక లిస్టు ఇస్తారు: పెండలాలు, మేక, కల్లు, బీరు పెట్టెలు, సబ్బులు, గుడ్డలు. బేరం గంటలకొద్దీ సాగుతుంది, నవ్వుకుంటూనే. అందరూ చూడ్డానికి వచ్చేది మాత్రం కల్లు మోసే ఘట్టం. తండ్రి కూతురి చేతికి కల్లు నింపిన గ్లాసు ఇస్తాడు, ఆమె జనంలో పెళ్లికొడుకుని వెతుక్కుంటూ వెళ్లాలి, అతను ఎక్కడో మూల దాక్కుని కూర్చుంటాడు. దారిలో మగాళ్లంతా నాకివ్వు నాకివ్వు అని చేతులు చాపి అల్లరి చేస్తారు. దొరికాక మోకాళ్ల మీద కూర్చుని ముందు తను ఒక గుక్క తాగి ఇస్తుంది, అతను తాగేసి గ్లాసులో డబ్బు పెడతాడు. అంతే, అందరి ముందూ పెళ్లయినట్టు. నీ వైపు చెయ్యి చాపమని పక్కవాళ్లు ఎగదోస్తారు, చాపు, ఎవరూ ఏమీ అనుకోరు.

తర్వాత డాన్సులో వధూవరుల మీద నోట్లు చల్లుతారు. నువ్వు చల్లకు. నైరా నోట్లు అలా చల్లడం 2007 చట్టం ప్రకారం నేరం, 2024లో ఒక పేరున్న మనిషికి ఆర్నెల్ల జైలు కూడా పడింది. అక్కడివాళ్లు లెక్కచెయ్యరు, విదేశీయుడివి నీకెందుకు. కవర్లో పెట్టి ఇవ్వు.

తాంబరం_పద్మ:
ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోవద్దు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఇక్కడే ఎయిర్‌పోర్టులో పట్టుకుని క్వారంటైన్‌లో పడేస్తారు. దోమల మందు కూడా.

విల్లివాక్కం_పెద్దాయన:
ఇంకొక్కటి. సోమవారం ఏ పనీ పెట్టుకోకు, ఏ ప్రయాణమూ పెట్టుకోకు. 2021 ఆగస్టు నుంచి ఆ ప్రాంతంలో సోమవారాలు ఇంట్లోనే ఉండాలని వేర్పాటువాదులు పిలుపిచ్చారు, తర్వాత వాళ్లే వద్దన్నా జనం భయానికి షాపులు మూసేస్తూ వచ్చారు. పరిస్థితి ఎలా ఉందో వెళ్లే వారం మీ డీలర్‌నే అడుగు. రాత్రి రోడ్డు ప్రయాణం ఎవరు రమ్మన్నా వద్దను, ఎయిర్‌పోర్టుకి ఆయన్నే మనిషిని పంపమను. లాగోస్ నుంచి బస్సులో వెళ్దామని మాత్రం అనుకోకు, క్రిస్మస్ ముందు ఒనిచా వంతెన దగ్గర ట్రాఫిక్ గంటలకొద్దీ కదలదు. 1965లో కట్టిన ఒక్క వంతెనతో దశాబ్దాలు నెట్టుకొచ్చారు. 2023లో రెండోది తెరిచారు, అయినా డిసెంబర్ డిసెంబరే. దగ్గరి ఎయిర్‌పోర్టులు అసాబాకో అనంబ్రాకో దేశం లోపల తిరిగే విమానం పట్టుకో, టికెట్ ఇప్పుడే తీసుకో, నవంబర్ దాటితే రేటు చూసి మీ ఎండీ మనసు మార్చుకుంటాడు.

పాడి_గేర్‌బాక్స్:
ఎండీకి ఇప్పుడే మెసేజ్ పెట్టా సార్. అక్కా, జార్జ్ బట్ట రంగు డీలర్‌ని అడిగితే వాళ్లావిడకి ఫోన్ ఇచ్చేశాడు, ఆవిడ అరగంట మాట్లాడింది, ఇప్పుడు ఒకటి కాదు మూడు జతలు తేవాలట, డబ్బు పంపిస్తానంది. ఎక్కడ కొనాలో అడ్రస్ కాస్త మెసేజ్ చేస్తారా?